జామ్, నల్ల గీత, ఆఫ్‌లైన్: మూడూ ఒకే జబ్బు కాదు

మీ సమస్యను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. అమీర్‌పేటలో పదిమంది పనిచేసే ఆడిటర్ ఆఫీసు. అందరికీ కలిపి ఒకే బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింటర్, స్కానర్ కూడా అందులోనే. వానలు మొదలైనప్పటి నుంచి కాగితం ఇరుక్కుంటోంది. పేజీకి నిలువునా ఒక నల్ల గీత వస్తోంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సగం కంప్యూటర్లలో 'ఆఫ్‌లైన్' అని చూపిస్తోంది. రీఫిల్ అబ్బాయి కార్ట్రిడ్జ్ మార్చమంటున్నాడు, షాపతను కొత్త ప్రింటరే తీసుకోమంటున్నాడు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. మీరు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు. ఒకేసారి వచ్చాయి కాబట్టి మెషీన్ పని అయిపోయిందని అనిపిస్తుంది. జామ్ చాలావరకు కాగితానిది, కొంత రోలర్‌ది. గీత కార్ట్రిడ్జ్‌ది కావచ్చు, స్కానర్ అద్దానిది కూడా కావచ్చు. ఆఫ్‌లైన్‌కి ప్రింటర్‌తో దాదాపు సంబంధమే లేదు, అది మీ రౌటర్ గొడవ. కొత్త మెషీన్ తెచ్చి అదే రౌటర్‌కి తగిలించి, అదే చెమ్మ పట్టిన కాగితం పెడితే, వచ్చే వర్షాకాలం ఇదే ప్రశ్న మళ్లీ అడుగుతారు. సికింద్రాబాద్, హైదరాబాద్ ఆఫీసుల్లో చాలా ఏళ్లుగా ప్రింటర్లు, కాపియర్లు సర్వీసు చేస్తున్నాను. కొత్తది కొనాల్సినంత జబ్బుతో నా దగ్గరకు వచ్చిన మెషీన్లు తక్కువ.

మొదట చేయాల్సిన పని ఒకటే. కంప్యూటర్‌తో పని లేకుండా ప్రింటర్ తన సొంత పేజీ తాను తీయగలదా చూడండి. స్క్రీన్ ఉన్న మెషీన్‌లో మెనూలోకి వెళ్లి రిపోర్ట్స్‌లో 'కాన్ఫిగరేషన్ పేజీ' నొక్కండి. ఆ పేజీ శుభ్రంగా వస్తే ప్రింటర్ బాగున్నట్టే, గొడవంతా వైరు దగ్గరో నెట్‌వర్క్ దగ్గరో కంప్యూటర్ దగ్గరో ఉంది. అందులో కూడా గీత ఉంటే తప్పు మెషీన్ లోపలే. ఒక్క మినహాయింపు ఉంది. మన ఊళ్లో ఇప్పటికీ నడుస్తున్న హెచ్‌పీ 1020 లాంటి పాత చిన్న మోడళ్లు ఆన్ చేసిన ప్రతిసారీ తమ ఫర్మ్‌వేర్‌ను (మెషీన్‌ను నడిపే లోపలి ప్రోగ్రామ్) కంప్యూటర్ నుంచే తీసుకుంటాయి. వాటికి ఈ పరీక్ష పనికిరాదు, కంప్యూటర్ ఆపి ఉంటే నోరు మెదపవు.

ఆ కాన్ఫిగరేషన్ పేజీని పారేయకండి. అందులో ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ప్రింటర్ నంబరు), మ్యాక్ అడ్రస్ (మెషీన్‌కి మారని గుర్తింపు నంబరు), చాలా మోడళ్లలో ఇప్పటిదాకా తీసిన పేజీల లెక్క ఉంటాయి. మూడూ తర్వాత అవసరం పడతాయి.

ఇక గీత సంగతి. మీకు గీత ప్రింట్‌లో వస్తోందా, జిరాక్స్ తీసినప్పుడు వస్తోందా అన్నది మీరు చెప్పలేదు. తేడా అంతా అక్కడే ఉంది. కంప్యూటర్ నుంచి ఇచ్చిన ప్రింట్ శుభ్రంగా ఉండి, పై ఫీడర్‌లో (కాగితాలను తానే ఒక్కొక్కటిగా లాక్కునే పై ట్రే) పెట్టి తీసిన కాపీలోనే గీత వస్తుంటే కార్ట్రిడ్జ్ జోలికి వెళ్లకండి. స్కానర్ మూత ఎత్తండి. పెద్ద అద్దం పక్కనే సన్నగా పట్టీలా ఇంకో అద్దం ఉంటుంది. ఫీడర్‌లో పెట్టిన కాగితం దాని మీదుగానే జారుతుంది. ఫీడర్ వాడినప్పుడు స్కానర్ కన్ను ఆ పట్టీ కింద కదలకుండా నిలబడుతుంది, కదిలేది కాగితం. అందుకే ఆ అద్దం మీద ఆవగింజంత వైట్‌నర్ మరక ఉన్నా అది కాపీలో పై నుంచి కింది దాకా గీతగా సాగుతుంది. అదే మరక పెద్ద అద్దం మీద ఉంటే చిన్న చుక్కగా మాత్రమే కనపడుతుంది. ఆడిటర్ ఆఫీసుల్లో బిల్లుల మీద గమ్, వైట్‌నర్, ఆరని స్టాంపు ఇంకు మామూలే కదా. పీచు రాలని గుడ్డను కొంచెం తడిపి ఆ పట్టీని తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడవండి. మరక గట్టిపడి ఉంటే గోటితో మెల్లిగా గీకండి, బ్లేడు పెట్టొద్దు. మీలాంటి ఆఫీసుల నుంచి వచ్చే 'కార్ట్రిడ్జ్ పోయింది' ఫోన్లు చాలా ఇక్కడే తేలిపోతాయి.

ప్రింటర్ సొంత పేజీలో కూడా గీత ఉందనుకుందాం. అప్పుడు కార్ట్రిడ్జ్ బయటికి తీసి డ్రమ్ చూడండి. మెరుస్తూ ఆకుపచ్చగానో నీలంగానో ఉండే గొట్టం అది. దాన్ని చేత్తో తాకొద్దు, వెలుగులో ఎక్కువసేపు ఉంచొద్దు. పక్కన పెట్టాల్సి వస్తే మీద కాగితం కప్పండి. గీత వచ్చే చోటే డ్రమ్ చుట్టూ గాటు కనిపిస్తే డ్రమ్ మార్చాలి. గాటు లేకుండా గీత వస్తుంటే డ్రమ్‌ను తుడిచే వైపర్ బ్లేడ్ అరిగి ఉంటుంది, లేదా వృథా టోనర్ (ముద్ర వేసే పొడి) చేరే అర నిండిపోయి ఉంటుంది. అదే మోడల్ కార్ట్రిడ్జ్ పక్క ఆఫీసులో ఉంటే ఒక్క నిమిషం అడిగి తెచ్చి పెట్టి చూడండి. దానితో గీత పోతే తేలిపోయినట్టే. పోకపోతే తప్పు కార్ట్రిడ్జ్ దాటి ఫ్యూజర్ (టోనర్‌ను వేడితో కాగితానికి అంటించే భాగం) వైపు ఉంది, అది మెకానిక్ పని.

గీత కాకుండా ఒకే మచ్చ పేజీలో కొంత దూరానికోసారి మళ్లీ మళ్లీ పడుతుంటే స్కేలు తీసి మచ్చకూ మచ్చకూ మధ్య దూరం కొలవండి. లోపల తిరిగే ప్రతి రోలర్‌కూ ఒక చుట్టుకొలత ఉంటుంది. ఏ రోలర్ మీద దెబ్బ ఉంటే దాని చుట్టుకొలత దూరంలోనే మచ్చ మళ్లీ వస్తుంది. హెచ్‌పీ 12ఏ, 88ఏ లాంటి చిన్న కార్ట్రిడ్జ్‌లలో డ్రమ్ చుట్టుకొలత సుమారు 75 మిల్లీమీటర్లు. ఏ4 పొడవు 297 మిల్లీమీటర్లు కాబట్టి డ్రమ్ మీది మచ్చ పేజీలో మూడు నాలుగుసార్లు కనిపిస్తుంది. అంతకంటే చాలా దగ్గర దగ్గరగా పడితే డ్రమ్ కాదు, డ్రమ్‌కి చార్జ్ ఇచ్చే చార్జింగ్ రోలరో, టోనర్ అందించే డెవలపర్ రోలరో అయ్యుంటుంది. ఫోన్‌లో మెకానిక్‌కి "మచ్చ 75 మిల్లీమీటర్లకోసారి వస్తోంది" అని చెప్పి చూడండి. అతను ఏ సామాను తెస్తాడో, మీతో ఎలా మాట్లాడతాడో రెండూ మారతాయి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పేజీ మొత్తం నల్లగా వస్తే చార్జింగ్ రోలర్‌కి కరెంటు అందడం లేదు, కార్ట్రిడ్జ్ తీసి సరిగ్గా కూర్చోబెట్టి చూడండి. కొత్త కార్ట్రిడ్జ్ వేసినా తెల్ల కాగితమే వస్తే సీల్ టేపు లాగారా అని చూసుకోండి. అక్షరాలు వేలితో రుద్దితే రాలిపోతుంటే ఫ్యూజర్ సరిగా వేడెక్కడం లేదు, లేదా మందం కాగితం పెట్టి సెట్టింగ్‌లో 'ప్లెయిన్' అని వదిలేశారు. ముద్ర పలచబడితే కార్ట్రిడ్జ్‌ను అడ్డంగా పట్టుకుని అటూ ఇటూ మెల్లగా ఊపితే ఇంకొన్ని పేజీలు వస్తాయి. టోనర్ బట్టల మీద పడితే దులిపేసి చన్నీళ్లతో కడగండి. వేడి నీళ్లు తగిలితే అది కరిగి అంటుకుపోతుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ కూడా పెట్టకండి, ఆ పొడి మరీ సన్నం, ఫిల్టర్ దాటి గదంతా పరుచుకుంటుంది.

రీఫిల్ గురించి నన్ను అడిగితే, అది తప్పేం కాదు. కానీ రీఫిల్ అంటే పొడి పోయడం ఒక్కటే కాదు. ప్రతిసారీ వృథా టోనర్ అర ఖాళీ చేయాలి, ఆ మోడల్‌కి సరిపడే పొడి వేయాలి, డ్రమ్, వైపర్ బ్లేడ్ అరిగాయేమో చూడాలి. అయిదు నిమిషాల్లో మీ టేబుల్ మీదే కన్నం పెట్టి పోసి వెళ్లే అబ్బాయి ఇవేవీ చేయడు. ఇంకోటి, 12ఏ కార్ట్రిడ్జ్‌కి కంపెనీ చెప్పే 2000 పేజీలు అనే లెక్క పేజీలో 5 శాతం మాత్రమే ముద్ర ఉంటుందన్న అంచనా మీద వేసింది. మీ లెడ్జర్లలో గళ్లు, బూడిద రంగు హెడ్డింగులు నిండా ఉంటాయి. కాబట్టి తొందరగా అయిపోతోందని రీఫిల్ అబ్బాయిని అనుమానించే ముందు ఎక్సెల్‌లో ఆ రంగులు తీసేసి చూడండి.

జామ్ దగ్గరికి వద్దాం. వానలు మొదలయ్యాకే అన్నారు, అందుకే నా మొదటి అనుమానం కాగితం మీద. కాగితం గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది. అలాంటి కాగితం దాదాపు 180 నుంచి 200 డిగ్రీల ఫ్యూజర్ గుండా వెళ్లినప్పుడు చెమ్మ ఒక్కసారిగా ఆవిరై కాగితం వంకర తిరుగుతుంది. ఒకవైపు ప్రింట్ అయితే ఆ వంకరతోనే ఎలాగో బయటికి వచ్చేస్తుంది. రెండువైపులా ప్రింట్ ఇస్తే ఆ వంకర కాగితమే మళ్లీ లోపలికి వెళ్లి ఇరుక్కుంటుంది. ఒక రోజంతా డ్యూప్లెక్స్ (ఈ రెండువైపుల ప్రింట్) ఆపి చూడండి. జామ్‌లు బాగా తగ్గాయంటే మెషీన్‌ను అనాల్సిన పని లేదు.

రీమ్ కట్ట పై కవరుకి లోపల చెమ్మ తగలకుండా పూత ఉంటుంది, అది ఊరికే పెట్టలేదు. మన ఆఫీసుల్లో కవరు మొత్తం చింపేసి కట్టను కిటికీ పక్కన పడేస్తారు. అలా కాకుండా కావలసినంత తీసుకుని మిగతాది అదే కవరులో మడిచి బీరువాలో పెట్టండి. రీములను నేల మీద, గోడకు ఆనించి పేర్చొద్దు, వర్షాకాలంలో గోడ చెమ్మ నేరుగా కాగితంలోకి ఎక్కుతుంది. స్టోర్ రూమ్ నుంచి ఏసీ గదిలోకి తెచ్చిన కాగితాన్ని కవరు విప్పకుండా ఒక పూట వదిలి తర్వాత వాడండి. శనివారం సాయంత్రం ట్రే నిండా పెట్టి వెళ్తే సోమవారం పొద్దున మొదటి పది పేజీలు ఏడిపిస్తాయి. ట్రేలో ఉండే హద్దు గుర్తు దాటి కాగితం నింపకండి, పక్క గైడ్లు కాగితాన్ని మెల్లగా తాకేలా జరపండి. కవరు మీద బాణం గుర్తు ఉంటే అది ముందు ఏ వైపు ప్రింట్ చేయాలో చెప్పేది, దాన్ని పాటించండి. 70 జీఎస్ఎం (కాగితం మందాన్ని సూచించే బరువు లెక్క) కాగితం చవక, కానీ డ్యూప్లెక్స్ వాడేవాళ్లకు వానాకాలంలో 75, 80 మేలు.

ఇంకో అలవాటు గురించి కూడా చెప్పాలి, మీకు కోపం వచ్చినా సరే. ఒకవైపు ప్రింట్ అయిన పాత కాగితాలను వెనక్కి తిప్పి మళ్లీ ట్రేలో పెట్టడం. పొదుపు అనుకుంటారు. వాటిలో ఒక్క స్టేపుల్ పిన్ను మిగిలినా ఫ్యూజర్ ఫిల్మ్ చిరుగుతుంది. మొదటి వైపు టోనర్ మళ్లీ వేడెక్కి రోలర్లకు అంటుకుంటుంది. ఆ కాగితాలు రఫ్ ప్యాడ్‌గా కుట్టించుకోండి, ప్రింటర్‌లో మాత్రం వద్దు.

కాగితం మంచిదే అయినా జామ్ అవుతుంటే ఎక్కడ ఇరుక్కుంటోందో గమనించండి. ట్రే దగ్గరే ఆగిపోతే తప్పు పికప్ రోలర్‌ది (ట్రే నుంచి కాగితాన్ని లాగే రబ్బరు చక్రం). రెండు మూడు కాగితాలు కలిసి వెళ్తుంటే సెపరేషన్ ప్యాడ్ (కాగితాలను విడదీసే చిన్న రబ్బరు ముక్క). చివర బయటికి వచ్చేచోట ముడతపడి ఆగితే ఫ్యూజర్ వైపు. పికప్ రోలర్ రబ్బరు నునుపుగా మెరుస్తుంటే పట్టు పోయినట్టు. నీళ్లతో కొంచెం తడిపిన గుడ్డతో తిప్పుతూ తుడిస్తే కొన్నాళ్లు నడుస్తుంది. తర్వాత మార్చాల్సిందే, రోలర్, ప్యాడ్ కలిపి మార్చడం కొత్త ప్రింటర్ ధరతో పోలిస్తే చిల్లర ఖర్చు. ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ షాపులుండే సీటీసీలో అడిగితే చాలా మోడళ్లవి దొరుకుతాయి, మోడల్ నంబరు ఫోటో తీసుకుని వెళ్లండి.

ఇరుక్కున్న కాగితం తీసేటప్పుడు స్విచ్ ఆపి, కార్ట్రిడ్జ్ బయటికి తీసి, కాగితం వెళ్లే దిశలోనే రెండు చేతులతో మెల్లగా లాగండి. ఫ్యూజర్ దగ్గర అయితే చల్లారే దాకా ఆగండి. కత్తెరలు, స్క్రూడ్రైవర్లు వద్దు. కాగితం అంతా తీసేశాక కూడా 'పేపర్ జామ్' అనే చూపిస్తుంటే లోపల ఎక్కడో గోరంత ముక్క మిగిలింది, లేదా కాగితం వచ్చిందో లేదో చెప్పే ప్లాస్టిక్ మీట పైకి లేవకుండా ఉండిపోయింది. టార్చ్ వేసి చూడండి. వేలితో తాకితే ఆ మీట స్ప్రింగ్‌తో వెనక్కి రావాలి.

ఆఫ్‌లైన్ గురించి. మీ రౌటర్ ప్రతి పరికరానికీ ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది. కరెంటు పోయి వచ్చాక అన్నీ ఒకేసారి మళ్లీ అడిగితే ప్రింటర్‌కి పాత నంబరు కాకుండా వేరేది దక్కవచ్చు. పాత ఐపీ నంబరుతో ప్రింటర్‌ను కలిపిన కంప్యూటర్లు ఇంకా అక్కడే వెతుకుతుంటాయి, ఆఫ్‌లైన్ అంటాయి. పేరుతో వెతుక్కునేలా కలిపినవి కొత్త నంబరును పట్టుకుంటాయి. మీ దగ్గర 'సగం' కంప్యూటర్లే ఆగడానికి కారణం ఇదే అయ్యుంటుంది. రౌటర్ సెట్టింగ్‌లో ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కి ఒక ఐపీని రిజర్వ్ చేయించండి. మీ ఇంటర్నెట్ అబ్బాయికి అయిదు నిమిషాల పని. తర్వాత కంప్యూటర్లన్నిటిలో 'టీసీపీ/ఐపీ పోర్ట్' పద్ధతిలో ఆ నంబరుతో ప్రింటర్‌ను మళ్లీ చేర్చండి. ప్రింటర్ బాగానే ఉన్నా ఆఫ్‌లైన్ అంటుంటే ఆ పోర్ట్ సెట్టింగుల్లో ప్రింటర్ స్థితిని అడిగే 'ఎస్ఎన్ఎంపీ స్టేటస్' అని ఒక టిక్ ఉంటుంది, తీసేయండి. వైఫై బదులు ల్యాన్ వైరు లాగితే ఇంకా మంచిది. కొత్త ఫైబర్ రౌటర్ వేయించుకున్న తర్వాతే మొదలైతే ప్రింటర్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుకోగల రకమేమో చూడండి.

ఒక్కరి కంప్యూటర్‌లోనే ప్రింట్ రాకపోతే ముందు డిఫాల్ట్ ప్రింటర్ ఏదో చూడండి. విండోస్‌లో 'డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోసే చూసుకోనివ్వు' అనే ఆప్షన్ ఆన్‌లో ఉంటే చివరిసారి వాడినదే డిఫాల్ట్ అయిపోతుంది. నిన్న పీడీఎఫ్ చేసుంటే ఇవాళ మీ ప్రింట్లన్నీ అటే పోతాయి. క్యూలో ఒక ఫైలు ఇరుక్కుని డిలీట్ కాకపోతే విండోస్ సర్వీసెస్‌లో ప్రింట్లను వరుసలో పెట్టే 'ప్రింట్ స్పూలర్' ఆపి, సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అనే ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లు తీసేసి, మళ్లీ స్పూలర్ ఆన్ చేయండి. ఫోల్డర్‌ను తీసేయొద్దు, లోపలివి మాత్రమే. ఒకరి కంప్యూటర్‌కి ప్రింటర్ తగిలించి మిగతావాళ్లు షేరింగ్‌లో వాడుకునే ఆఫీసులకు 2021లో వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్ల తర్వాత చివర 11బి అని ఉండే ఎర్రర్ మొదలైంది. దానికి రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగులు) మార్చమని చాలామంది చెప్తారు. అది భద్రతను తగ్గించే చిట్కా, క్లయింట్ల పాన్, ఆధార్ వివరాలు ఉన్న ఆఫీసులో నేను చేయను. ప్రింటర్‌కే నేరుగా ల్యాన్ వైరు ఇచ్చేస్తే షేరింగ్ అవసరమే ఉండదు.

ప్రింటర్ లైటు మెరుస్తూ, జామ్ లేకుండానే ఆగిపోతే కాగితం సైజు చూడండి. అమెరికా క్లయింట్లు పంపే ఫైళ్లు లెటర్ సైజులో ఉంటాయి, 216 x 279 మిల్లీమీటర్లు. మన ట్రేలో ఏ4. ప్రింటర్ లెటర్ కాగితం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ప్రింట్ ఇచ్చేటప్పుడు 'ఫిట్ టు పేజ్' పెట్టి ఏ4 ఎంచుకుంటే కదులుతుంది. తెలుగు నోటీసులు వేరే కంప్యూటర్‌లో పిచ్చి అక్షరాలుగా వస్తే అది ప్రింటర్ తప్పు కాదు, అను ఫాంట్లలో టైప్ చేసిన ఫైలు, ఆ కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు. టైప్ చేసిన చోటే పీడీఎఫ్ చేసి తెచ్చుకోండి. పీడీఎఫ్ కూడా తేడాగా వస్తే అక్రోబాట్ ప్రింట్ విండోలో అడ్వాన్స్‌డ్ లోకి వెళ్లి 'ప్రింట్ యాజ్ ఇమేజ్' టిక్ పెట్టండి.

స్కాన్ చేసింది ఫోల్డర్‌లోకి రావడం మానేస్తే ముందు అడగాల్సింది, ఆ కంప్యూటర్ పాస్‌వర్డ్ ఎవరైనా మార్చారా అని. మెషీన్‌లో పాత పాస్‌వర్డే ఉండిపోయి ఉంటుంది. పాత కాపియర్లయితే ఫోల్డర్‌లోకి ఫైళ్లు పంపడానికి అవి వాడే ఎస్ఎంబీ1 అనే పాత పద్ధతిని కొత్త విండోస్ ముందే ఆపేసి ఇస్తుంది. జీమెయిల్‌కి స్కాన్ పోవడం లేదంటే మామూలు పాస్‌వర్డ్ ఇక పనికిరాదు, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి యాప్ పాస్‌వర్డ్ (ఇలాంటి మెషీన్ల కోసం గూగుల్ ఇచ్చే విడి పాస్‌వర్డ్) తీసుకుని మెషీన్‌లో అది వేయాలి.

మీరు అడగలేదు గానీ, లేజర్ ప్రింటర్‌ను కంప్యూటర్ యూపీఎస్‌కి తగిలించారా చూడండి. ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కరెంటు గట్టిగా లాగుతుంది. చిన్న యూపీఎస్ దానికి ఆగలేక పడిపోతే దాని మీదున్న కంప్యూటర్లు కూడా ఆరిపోతాయి. 20వ తేదీ జీఎస్టీ రిటర్నుల హడావిడిలో ఇది జరిగితే ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. ప్రింటర్‌ను నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టండి, 50 నంబరుతో మొదలయ్యే ఫ్యూజర్ ఎర్రర్లు హెచ్‌పీలో వస్తుంటే ఇది ఇంకా ముఖ్యం.

కొత్తది కొనాలా అన్నదానికి ఇప్పుడు జవాబు. అద్దం తుడిచి, కొత్త రీమ్ పెట్టి, ఐపీ రిజర్వ్ చేయించి ఒక వారం చూడండి. అప్పటికీ జామ్ ఉంటే రోలర్ కిట్. గీత ఉంటే డ్రమ్, లేదా ఈసారికి ఒక కొత్త కార్ట్రిడ్జ్. ఫ్యూజర్ కూడా పోయిందని తేలితే అప్పుడు దాని ఖర్చు, కాన్ఫిగరేషన్ పేజీలోని పేజీల లెక్క పక్కపక్కన పెట్టి మెకానిక్‌తో మాట్లాడండి. ఏఎంసీ (ఏడాది సర్వీసు ఒప్పందం) తీసుకునేటట్టయితే రోలర్లు, ఫ్యూజర్, డ్రమ్ అందులో ఉన్నాయా, కేవలం వచ్చి చూసే చార్జీయేనా అని కాగితం మీద రాయించుకోండి. మెకానిక్ వచ్చేలోపు చెడిపోయిన పేజీ ఒకటి, కాన్ఫిగరేషన్ పేజీ ఒకటి మెషీన్ మీదే పెట్టి ఉంచండి.